స్నానాల గదిలో దీపం

మహేంద్రతనయ ఒడ్డున ఉన్న పాతపట్నంలో వానాకాలపు చెమ్మ ఓ పట్టాన ఆరదు. అయినా స్నానాల గదికి దీపం కొనేటప్పుడు మనం వెలుగునూ వెలనూ మాత్రమే చూస్తున్నాం. తడిసిన చర్మానికి విద్యుత్తును అడ్డుకునే శక్తి బాగా తగ్గిపోతుందన్న సంగతి మరుస్తున్నాం.

ఊళ్లో కొన్నా, పక్కనే ఉన్న పర్లాకిమిడిలో కొన్నా డబ్బాపై ‘ఐపీ’ అంకెలను పరిశీలించాలి. వాటిలో రెండవది నీటి నుండి రక్షణను తెలుపుతుంది. ‘ఐపీ 44’ దీపం చిందే నీటికి తట్టుకుంటుంది. షవరుకు సమీపంలోనైతే నీటిధారకు సైతం తట్టుకునే ‘ఐపీ 65’ మేలు. తీగకు వేలాడే బల్బు ఆ గదిలో ఎంతమాత్రం తగదు. స్విచ్ గది వెలుపలే ఉండాలి. ఫజ్ర్ వేళ వుజూ చేసిన తడిచేతితో దానిని తాకరాదు.

ఎంసీబీ ఉన్నది కదా అని నిశ్చింతగా ఉండలేము. అది ప్రధానంగా వైరింగును కాపాడుతుంది. కరెంటు మనిషి గుండా నేలకు పారినప్పుడు సరఫరాను తక్షణం నిలిపేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. దీపాన్నీ గీజరునూ దాని రక్షణలోకి తెచ్చి, ఎర్తింగును సరిచూపించి, నెలకొకసారి దాని ‘టెస్ట్’ మీట నొక్కి చూడాలి.

ఈద్‌కు గోడలకు రంగులు వేయించే ముందే ఎలక్ట్రీషియనును పిలిపిద్దాం. పసివారూ వృద్ధులూ తడికాళ్లతో నిలిచే గది అది.