కరెంటు, నీళ్ళు కలిపే అద్దె: మరి మీటరు ఎవరి చేతిలో?

తార్నాక, సీతాఫల్‌మండి, విద్యానగర్ గల్లీల్లో టు-లెట్ బోర్డుల మీద 'కరెంటు, నీళ్ళు కలిపే అద్దె' అన్న మాట కనిపిస్తే మేము ఆగి చూస్తాం. ఫెలోషిప్ ఏ నెల పడుతుందో తెలియని పరిశోధక విద్యార్థులకు నెలకు ఒకటే లెక్క ఉండటం తేలిక. కానీ ఆ లెక్కను ఒకసారి విప్పి చూడాలి.

జీహెచ్ఎంసీ పరిధిలో 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్ల నీళ్ళు ఉచితం. 2024లో వచ్చిన గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే ఇళ్ళకు కరెంటు బిల్లు సున్నా. కిరాయిదారులకూ ఇది వర్తిస్తుంది. అయితే ఆహార భద్రత కార్డు ఉండాలి, దానికి మీటరు సర్వీసు నంబరు జత కావాలి. ఊరి నుంచి వచ్చి ఒంటరి గదిలో ఉంటున్న విద్యార్థికి ఇక్కడ కార్డు ఎక్కడిది? సర్వీసు నంబరు ఓనరు చెప్పడు. ఒక ఫ్యాను, ఒక లైటు, ఒక లాప్‌టాప్ ఉన్న గది 200 యూనిట్లు ఏ ఎండాకాలంలోనూ దాటదు. ఐదారు గదులు ఒకే మీటరు మీద ఉంటే మాత్రం దాటుతుంది, పై స్లాబులో పడుతుంది. ఆ భారమంతా అద్దెలోకి వస్తుంది. నీళ్ళ మాఫీ ఏదైనా ఉంటే అది ఓనరు దగ్గరే ఆగిపోతుంది.

డబ్బు సంగతి ఇంతే. అసలు సంగతి కులం.

'మీరు ఏమోళ్ళు?', 'వెజ్జేనా?' అని ముందే అడిగేవాళ్ళతో పేచీ లేదు, వాళ్ళ గేటు దగ్గరే తేలిపోతుంది. అడ్వాన్సు తీసుకున్నాక గోడ మీద అంబేడ్కర్ ఫొటో చూసేవాళ్ళతోనే కష్టం. ఖాళీ చెయ్యమని వాళ్ళు నోరు తెరిచి అనరు. పొద్దున అరగంట తర్వాత పై వాల్వు కట్టేస్తారు. 'మోటరు కాలిపోయింది' అంటారు. 'మీ గదికే కరెంటు ఎక్కువ కాలుతోంది, వెయ్యి కలపండి' అంటారు. చేతిలో బిల్లు లేదు, రీడింగు లేదు, ఏం చూపించి కాదంటాం? నెల తిరిగేసరికి మనమే సామాన్లు సర్దుకుంటాం. ఊళ్ళో చేదబావి దగ్గర గిరి గీసిన పద్ధతి ఇక్కడ సంపు మూతకు తాళం వేసుకుని కూర్చుంది.

ఢిల్లీ, దాని చుట్టుపక్కల అద్దె ఇళ్ళపై సుఖదేవ్ థోరాట్ బృందం చేసిన అధ్యయనం 2015లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో వచ్చింది. దళితులకు, ముస్లింలకు ఇల్లు నేరుగా నిరాకరించడమే కాదు, ఇచ్చినచోట అదనపు షరతులు పెట్టడం కూడా అందులో నమోదైంది. మా ఉద్దేశంలో 'అన్నీ కలిపిన అద్దె' ఆ రెండో కోవలోది. షరతు కాగితం మీద ఉండదు, స్విచ్చు దగ్గర ఉంటుంది.

మరి చట్టం? 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కిరాయిదారు సౌకర్యాలను ఓనరు ఆపకూడదనే చెబుతోంది. కానీ 2005 సవరణతో కార్పొరేషన్ పరిధిలో 3,500 రూపాయలు దాటిన అద్దెలు ఆ చట్టం బయటికి పోయాయి. ఆ డబ్బుకు హైదరాబాద్‌లో ఇప్పుడు గది కాదు కదా, బెడ్డు దొరకడమే గగనం. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం నీళ్ళు, కరెంటు ఆపడాన్ని నిషేధించింది గానీ, కులం చూసి ఇల్లు నిరాకరించడం గురించి ఒక్క మాట రాయలేదు. అట్రాసిటీ చట్టానికి 2015లో వచ్చిన సవరణలో బావి, చెరువుతో పాటు నీటి కుళాయి కూడా ఉంది. ఇంటి మేడ మీది వాల్వు అందులోకి వస్తుందని కోర్టులో గట్టిగా వాదించాల్సిందే. కానీ మోటరు నిజంగా కాలిపోలేదని స్టేషన్‌లో చూపించాల్సిన పని ముందు మన మీద పడుతుంది.

అందుకే విద్యార్థి సంఘాలు ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. అడ్వాన్సు ఇచ్చేముందే సర్వీసు నంబరు అడగండి. పదకొండు నెలల అగ్రిమెంటులో అద్దె ఎంత, కరెంటు ఎంత, నీళ్ళు ఏ వేళకు అన్నది విడివిడిగా రాయించండి. నీళ్ళు ఆగిన ప్రతిరోజూ తేదీతో ఓనరుకు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి. ప్రభుత్వం గృహజ్యోతికి కార్డుకు బదులు యూనివర్సిటీ గుర్తింపు కార్డును, అద్దె అగ్రిమెంటును ఒప్పుకోవాలి. గదులు కిరాయికిచ్చే ఇళ్ళకు గదికో మీటరు తప్పనిసరి చేయాలి.