కాపరి కలము: అద్దములో ఖాళీ



మన సంఘపు బాప్తిస్మపు రిజిస్టర్లకు చెదలు పట్టిన సంగతి మీకు తెలుసు. అవి పూర్తిగా పాడుకాకముందే యౌవనస్థులు పుట పుటకు ఫోటో తీసి సంఘ కంప్యూటరులో ఉంచారు. ఒక నకలు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోను ఉంచాము. ఆ నకలును ఈ చేతులతోనే చెరిపివేశాను. ఎలా జరిగిందో వ్రాస్తున్నాను. పెండ్లి ఫోటోలు, పొలం కాగితాలు డిస్కులలో దాచుకొనేవారు మీలోను ఉన్నారు గనుక.

మౌసుతో లాగి వేస్తుంటే మధ్యలో కరెంటు పోతుంది, ఏవి చేరాయో తెలియదు. అందుచేత విండోస్‌లోని కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెరపై రోబోకాపీ అనే ఆజ్ఞ టైపు చేసేవాళ్లం. ముందు ఎక్కడనుండి, తరువాత ఎక్కడికి అని వ్రాయాలి. మరల నడిపితే, ఇదివరకే చేరి మార్పులేని ఫైళ్లను విడిచి మిగిలినవే తీసుకొనిపోతుంది. మంచి పనివాడే! చివర స్లాష్ ఇ అని పెడితే లోపలి ఫోల్డర్లన్నిటితో సహా నకలు చేస్తుంది. స్లాష్ మిర్ అని పెడితే అద్దమువలె చేస్తుంది. అనగా మొదటి చోట లేనిదేదైనా రెండవ చోట ఉంటే దానిని తీసివేస్తుంది. అది రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లదు.

కంప్యూటరు చెడిపోగా విండోస్ మరల వేయించాము. ఇక డిస్కులోనుండి ఫోటోలు తెచ్చుకోవాలి. నేనేమో అలవాటు చొప్పున కంప్యూటరు ఫోల్డరు పేరే ముందు వ్రాశాను. అది అప్పుడే చేసిన ఖాళీ ఫోల్డరు. చివర మిర్. తెరమీద వరుసలు పరుగెత్తుతుంటే ఫోటోలు వస్తున్నాయనుకొని స్తోత్రము కూడా చెప్పాను!

ఆ వారమే మన ఆడబిడ్డ ఒకరికి వేరే ఊరి సంఘంలో వివాహము నిశ్చయమై, బాప్తిస్మ పత్రిక కావలసి వచ్చింది. "అయ్యగారూ, మా అమ్మాయి పేరు ఉందా?" అని తల్లి అడిగితే నాకు నోట మాట రాలేదు. ఆ పుట చెదలపాలై చాలా కాలమైంది. యెహోయాకీము రాజు గ్రంథపు చుట్టను కోసి కుంపటిలో వేసినప్పుడు, బారూకు తిరిగి వ్రాయడానికి చెప్పే యిర్మీయా సజీవుడై ఉన్నాడు. మన రిజిస్టర్లు వ్రాసిన పాత కాపరులు ప్రభువునందు నిద్రించారు.

డిస్కుమీద మరేమీ వ్రాయకుండా వెంటనే తీసి పక్కన పెట్టినందువలన, మన యౌవనస్థుడొకడు రెండు రాత్రులు కూర్చుండి చాలా పుటలు తిరిగి రాబట్టాడు. అమ్మాయి పేరు దొరికింది. కొన్ని పుటలు మాత్రం తెరుచుకొనుట లేదు.

ఇప్పుడు మిర్ జోలికి పోవడంలేదు. ఏ ఆజ్ఞకైనా మొదట చివర స్లాష్ ఎల్ చేర్చి నడుపుతున్నాము. అప్పుడది ఏమి చేయబోవునో చూపుతుందేగాని ఏదీ ముట్టదు. రెండవ డిస్కు ఒకటి కొని సంఘ పెద్ద ఇంట ఉంచాము. నకలు అయ్యాక నాలుగైదు ఫోటోలు తెరచి చూచిన తరువాతే డిస్కు తీస్తున్నాము.

తెరుచుకోని పుటలు 1979 నుండి 1983 వరకు బాప్తిస్మము పొందినవారివి. మీ ఇంట ఆ నాటి చీటీ ఉంటే, పెట్టె అడుగున వెదకి, ఆదివారము ఆరాధనకు తెండి. ఫోటో తీసి అక్కడే మీ చేతికి ఇచ్చివేస్తాము.