హెచ్చరిక: ఇంట్లో హెడ్జ్‌హాగ్ ఉన్నవాళ్లు ఎండలు ముదరకముందే చదవాలి

మిర్యాలగూడ నుంచి హాలియా వెళ్లే దారిలో ఉన్న నిడమనూరులో మే నెల ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. నల్గొండ, సూర్యాపేట, కోదాడ ప్రాంతాల్లో ఎండ 45 డిగ్రీలు తాకిన వేసవులు మనం చూసినవే. 2015 ఎండలకు తెలంగాణలో అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు పోయింది ఉమ్మడి నల్గొండ జిల్లాలోనే. అలాంటి చోటికి, 24 నుంచి 29 డిగ్రీల మధ్య మాత్రమే హాయిగా ఉండగలిగే ఒక చిన్న ముళ్ల జంతువును పెంపకానికి తెచ్చుకోవాలన్న ముచ్చట మొదలైంది. ఫోన్‌లో వీడియో చూసి పిల్లలు అడుగుతారు, హైదరాబాద్ వెళ్లినప్పుడు దుకాణంలో దొరుకుతుంది, బుట్టలో పెట్టుకుని బస్సెక్కితే సాయంత్రానికి ఊళ్లో ఉంటుంది. కొనబోయేవాళ్లు ఆగి ఆలోచించాలి. కొన్నవాళ్లు ఇవాళే కొన్ని పద్ధతులు మార్చుకోవాలి.

మొదట తెలుసుకోవలసింది, హెడ్జ్‌హాగ్ ఎలుక కాదు, ఏదుపంది పిల్ల కూడా కాదు. ఆ రెండూ గింజలు, దుంపలు కొరికే జాతులు. ఇది పురుగులు తిని బతికే జాతి. ఇది తెలియకనే చాలా ఇళ్లలో తిండి తప్పుదారి పడుతుంది. మన ఇంట్లో చిన్న జీవి ఏదైనా చేరితే ముందు పాలు పోస్తాం, తర్వాత ఇంత పెరుగన్నం పెడతాం. ప్రేమతో పెట్టేదే, కాదనను. కానీ పాలను అరిగించుకునే శక్తి దీని పేగులకు లేదు. విరేచనాలు పట్టుకుంటాయి. అరకిలో బరువు లేని జంతువుకు ఒకటి రెండు రోజుల విరేచనాలే ప్రాణం మీదికి తెస్తాయి. అన్నం, బ్రెడ్డు, బిస్కెట్లు కడుపు నింపుతాయి తప్ప ఒంటికి పట్టవు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ దగ్గరికే రానీయకూడదు. పల్లీలు అంగుట్లో ఇరుక్కుంటాయి. ఉప్పు, కారం, నూనె తగిలిన కూర ముక్క కూడా వద్దు.

మరి ఏం పెట్టాలి? మాంసకృత్తులు 30 నుంచి 35 శాతం, కొవ్వు 15 శాతం మించకుండా ఉన్న మంచి రకం పిల్లి దాణా, అదీ చిన్న గింజలది, రాత్రికి ఒకటి రెండు టేబుల్ స్పూన్లు. ఇది రాత్రి తిరిగే జీవి కాబట్టి చీకటి పడ్డాకే పెట్టాలి. పైన కాస్త ఉప్పు వేయకుండా ఉడికించిన కోడి మాంసం, అప్పుడప్పుడు ఉడికిన గుడ్డు ముక్క. దుకాణాల్లో మీల్‌వార్మ్‌లనే పురుగులు అమ్ముతారు. అవంటే దీనికి ప్రాణం. అలాగని రోజూ గుప్పెడు వేస్తే వాటిలోని భాస్వరం ఎక్కువై, కాల్షియం చాలక ఎముకలు గుల్లబారతాయి. వారంలో మూడు నాలుగు సార్లు, నాలుగైదు పురుగులు చాలు. బరువు పెరగనివ్వకూడదు. ఒళ్లు చేసిన హెడ్జ్‌హాగ్ పూర్తిగా బంతిలా ముడుచుకోలేదు, దాని రక్షణే పోతుంది. నీళ్లు లోతు లేని బరువైన గిన్నెలో ఎప్పుడూ ఉండాలి. మాంసం, గుడ్డు గుమ్మం దాటి రాని ఇళ్లు మనలో ఉన్నాయి. అది వాళ్ల నియమం, గౌరవించాల్సిందే. ఆ ఇళ్లవాళ్లు ఈ జంతువును మాత్రం తెచ్చుకోకూడదు.

ఇక మన ప్రాంతానికే ప్రత్యేకమైన ప్రమాదం ఒకటి ఉంది. పురుగులు తింటుందని తెలియగానే పిల్లలు చేసే మొదటి పని పొలం గట్టుకు పరిగెత్తి మిడతల్ని, కీచురాళ్లను పట్టుకురావడం. వీధి దీపం కింద రాలిన పురుగుల్ని డబ్బాలో పోగుచేయడం. నిడమనూరు చుట్టూ ఉన్నది సాగర్ ఎడమ కాలువ కింది వరి. నారుమడి నుంచి ఈనిక దాకా కాండం తొలుచు పురుగుకు గుళికలు, సుడిదోమకు పిచికారీ పడుతూనే ఉంటాయి. మందు పడ్డ చేలో చురుకుదనం తగ్గి సులువుగా చేతికి దొరికే మిడత ఆ మందును ఒంట్లో మోస్తున్న మిడతే. రైతుకు ట్యాంకు లెక్కలో పలచగా కనిపించే మందు, అరకిలో లేని ప్రాణికి విషం. వణుకు, నోట చొంగ, కాళ్లు లాక్కుపోవడం, అంతే. పత్తి, మిర్చి చేలల్లో పరిస్థితి ఇంకా ఘోరం. పొలం పురుగు ఒక్కటి కూడా పెట్టకండి. పిల్లలకు ఈ మాట ఒకసారి చెబితే చాలదు, మళ్లీ మళ్లీ చెప్పాలి.

రెండో స్థానిక ప్రమాదం ఊక. మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లులకు లోటు లేదు, ఊక బస్తా తేవడం పెద్ద పనీ కాదు. కోళ్ల షెడ్డులో పరుస్తాం కదా, బోనులోనూ పరిస్తే పోలా అనిపిస్తుంది. పరవకండి. మట్టిలో ముక్కు పెట్టి వెతుక్కునే జీవి ఇది, ఊక దుమ్ము నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కొనదేలిన పొట్టు కళ్లలో గుచ్చుకుంటుంది. కోత మిల్లు రంపపు పొట్టు కూడా అంతే. ఉతికిన మెత్తటి ఉన్ని గుడ్డ, లేదంటే సిరా లేని కాగితం ముక్కలు వేసి రెండు రోజులకోసారి మార్చండి. బోను అడుగు తీగల జల్లెడగా ఉంటే పాదాలు చిక్కుకుని విరుగుతాయి, గట్టి అడుగే కావాలి. రాత్రిళ్లు ఇది కిలోమీటర్ల కొద్దీ తిరుగుతుంది కాబట్టి అడుగు వెడల్పున్న, సందులు లేని చక్రం బోనులో ఉండాలి. ఒక బోనులో ఒక్కటే. తోడుంటుందని రెండోదాన్ని తెస్తే కొట్టుకుంటాయి. ఆడా మగా అయితే సుమారు 35 రోజుల్లో పిల్లలు పుడతాయి. అప్పుడు కదిలిస్తే బెదిరిన తల్లి తన పిల్లల్ని తానే తినేయవచ్చు.

ఎండ విషయానికి మళ్లీ వస్తున్నాను, ఎందుకంటే ఆలస్యం పనికిరానిది ఇక్కడే. గది 32 డిగ్రీలు దాటితే దీనికి కష్టం మొదలవుతుంది. మనకు చెమట పడుతుంది కాబట్టి ఫ్యాను కింద సేదదీరుతాం. దానికి చెమట లేదు, ఫ్యాను వేడిగాలినే తిప్పుతుంది. రేకుల ఇంట్లో మధ్యాహ్నం దీన్ని ఉంచడం చంపడమే. కాళ్లు చాపి నేలకు అతుక్కుపోయినట్టు పడుకుందంటే వడదెబ్బ దగ్గరికొచ్చినట్టు. వెంటనే చల్లటి గదికి మార్చి, మామూలు నీళ్లతో తడిపిన గుడ్డ మీద పడుకోబెట్టాలి. ఐసు నీళ్లలో ముంచకూడదు. గడ్డకట్టించిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి బోను పక్కన పెట్టడం, నాపరాయి పలక ఒకటి లోపల వేయడం కరెంటు పోయిన గంటల్లో ఆదుకుంటాయి. మొత్తం ఏసీ మీదే ఆధారపడితే మాత్రం కరెంటు పోయినప్పుడు ఏం చేస్తారో ముందే ఆలోచించుకోండి.

చలికాలమూ వదలదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో గది 18 డిగ్రీల కిందికి దిగితే దుకాణాల్లో దొరికే ఈ ఆఫ్రికా జాతి నిద్రావస్థలోకి జారబోతుంది. చల్లదేశాల హెడ్జ్‌హాగ్‌లు అలా నెలల తరబడి నిద్రపోయి లేస్తాయి. ఇది లేవకపోవచ్చు. పొట్ట చల్లబడి, నడక తూలితే గుండెకు హత్తుకుని, గోరువెచ్చటి నీళ్ల సీసా గుడ్డలో చుట్టి మెల్లగా వేడి చేయాలి. ఒళ్లు వెచ్చబడేదాకా నోట్లో ఏమీ వేయొద్దు.

కొత్తవాళ్లను భయపెట్టే ఒక చేష్ట గురించీ చెప్పాలి. కొత్త వాసన తగిలితే ఇది నోట నురగ తెచ్చుకుని, మెడ తిప్పి ఆ నురగను ముళ్లకు పూసుకుంటుంది. రేబిస్ అని హడలిపోయి కొట్టడమో, బయట పారేయడమో చేయకండి. అది దాని సహజ స్వభావం.

భయపడవలసింది వేరే ఉంది. ఆరోగ్యంగా కనిపించే హెడ్జ్‌హాగ్ పెంటలోనూ సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు. 2019 జనవరిలో అమెరికాలో 8 రాష్ట్రాల్లో 11 మందికి ఇలా సోకినప్పుడు అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం వీటిని ముద్దాడవద్దని దేశమంతటికీ చెప్పింది. దీని నుంచి తామరలాంటి చర్మవ్యాధీ అంటుతుంది. అయిదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో మరీ జాగ్రత్త. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. వంటింటి సింకులో దాని గిన్నెలు కడగకూడదు.

దుకాణంలో కొనే స్తోమత లేక తుప్పల్లో దొరికినదాన్ని తెచ్చి పెంచుకుందామనుకునేవాళ్లకు ఇంకా గట్టిగా చెబుతున్నాను. మన దక్షిణాది మెట్ట నేలల్లో కనిపించేది మద్రాస్ హెడ్జ్‌హాగ్, 1851లో హార్స్‌ఫీల్డ్ శాస్త్రలోకానికి పరిచయం చేసిన జాతి. దక్షిణ భారతంలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. దాన్ని పట్టడం, పెంచడం, అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. గాయపడినది కనిపిస్తే అటవీ శాఖకు చెప్పండి. అలాగే కొన్న ఆఫ్రికా జాతిని పెంచలేక కాలువ గట్టున వదిలేయడం దాన్ని కుక్కలకు అప్పజెప్పడమే.

జబ్బు చేస్తే ఎక్కడికి తీసుకెళ్తారు? 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం ఊళ్లలో ఎంతో మేలు చేస్తోంది, కానీ అది ప్రధానంగా గేదెలు, ఆవులు, గొర్రెల కోసం. ఇలాంటి విదేశీ చిన్న జంతువులను చూసే వైద్యుల కోసం హైదరాబాద్ దారి పట్టాల్సి వస్తుంది. మండుటెండలో మూడు గంటల ప్రయాణమే దాని ప్రాణం తీయవచ్చు. కొనకముందే ఒక వైద్యుడితో మాట్లాడి, చూస్తానన్న హామీ తీసుకోండి. నాలుగు నుంచి ఆరేళ్లు బతికే ప్రాణి ఇది, ఒక వేసవి సెలవుల సరదా కాదు.

నా మాట సూటిగా ఇదే. నడివేసవిలో రాత్రింబగళ్లు 30 డిగ్రీలు దాటకుండా ఉంచగలిగే గది లేని ఇంటికి హెడ్జ్‌హాగ్‌ను తేవద్దు. పిల్లలు ఎంత మారాం చేసినా తేవద్దు. ఇప్పటికే తెచ్చినవాళ్లు ఈ రోజే ఒక థర్మామీటర్ కొని బోను పక్కన తగిలించండి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి దాన్ని చూడండి. ఊక ఉంటే తీసేయండి, పాల గిన్నె ఎత్తేయండి.