భూగోళం డిగ్రీని ఈఎమ్‌ఐలో కొనొచ్చా?

బ్రాడీపేటలో అడ్రస్ చెప్పడం చాలా తేలిక. 4/14 అంటే చాలు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆటో అన్న ఇంకో ప్రశ్న అడగడు. పక్కన అరండల్‌పేట కూడా అంతే. నిలువు అంకె ఒకటి, అడ్డం అంకె ఒకటి, రెండూ కలిసే చోట మనిల్లు. గ్లోబు మీద అక్షాంశం, రేఖాంశం చేసే పని కూడా ఇదే. ఇలాంటి ఊళ్లో పుట్టి కూడా ఎవరైనా భూగోళశాస్త్రం చదువుతానంటే మనవాళ్లు ముందు అడిగేది ఒకటే: "దాంతో ఉద్యోగం ఏమొస్తుంది?"

వెటకారంగా అడిగినా, అది అడగాల్సిన ప్రశ్నే. ముఖ్యంగా డబ్బు కట్టే ముందు.

మా బాబాయి కూతురు డిగ్రీ అయ్యాక బ్రాడీపేటలోనే ఓ ప్రైవేటు ఆఫీసులో చేరింది. జీతం 16 వేలు. ఈ మధ్య ఫోన్లో ఆన్‌లైన్ ఎమ్మెస్సీ జాగ్రఫీ యాడ్ చూసి నంబర్ ఇచ్చింది. అప్పట్నుంచీ కౌన్సెలర్ రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు. ఫీజు లక్షా 40 వేలు. "నో టెన్షన్ మేడమ్, 24 నెలల ఈఎమ్‌ఐ ఉంది" అంటాడు. బాబాయి మిర్చి యార్డులో గుమస్తా. ఆయన "నీకు మంచిదనిపిస్తే కట్టేద్దాం తల్లీ" అన్నాడు. దాంతో తనకి భయమేసి నాకు ఫోన్ చేసింది. "అన్నయ్యా, చేరిపోనా?"

ముందు లెక్క చూద్దాం. వడ్డీతో కలిపి నెలకు 6,700 కట్టాలి. తన జీతంలో ఐదింట రెండు వంతులు దానికే పోతుంది. రెండేళ్లకు మొత్తం లక్షా 60 వేలు దాటుతుంది. ఈ డిగ్రీ వల్ల జీతం నెలకు 4 వేలు పెరిగిందనుకున్నా, పెట్టింది తిరిగి రావడానికి 40 నెలలు పడుతుంది. పెరక్కపోతే ఆ లెక్క ఎప్పటికీ తేలదు. ఇది కాక టైమ్ ఖర్చు వేరే ఉంది. వారానికి పది గంటలు చదివినా రెండేళ్లకు వెయ్యి గంటలు. ఆ గంటలకు ఈఎమ్‌ఐ సౌకర్యం ఉండదు.

అందుకే తనని ఒకటే అడిగాను: "డిగ్రీ చేతికొచ్చిన మర్నాడు ఏ ఉద్యోగానికి అప్లై చేస్తావు?" మూడు చెప్పింది. గ్రూప్-1, లెక్చరర్, జీఐఎస్. ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా చూడాలి. ఎందుకంటే ఒక్కో చోట ఈ డిగ్రీ విలువ ఒక్కోలా ఉంటుంది.

గ్రూప్-1కి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. మెయిన్స్‌లో భూగోళం ఉన్న మాట నిజమే. చరిత్ర, సంస్కృతితో కలిపి భారతదేశం, ఆంధ్రప్రదేశ్ భూగోళం ఒక పేపర్లో వస్తాయి. సివిల్స్‌లో అయితే జాగ్రఫీ ఆప్షనల్ రెండు పేపర్లు కలిపి 500 మార్కులు. కానీ ఆప్షనల్ తీసుకోవడానికి ఆ సబ్జెక్టులో డిగ్రీ అక్కర్లేదు. అక్కడ పనికొచ్చేది పుస్తకాలు, పాత పేపర్లు, రాసే ప్రాక్టీసు. సర్టిఫికెట్ ఎవరూ అడగరు. అంటే ఈ దారికి లక్షన్నర ఖర్చు దండగ.

లెక్చరర్ ఉద్యోగం దగ్గర మాత్రం డిగ్రీ తప్పనిసరి. ఆ సబ్జెక్టులో పీజీ లేకుండా కాలేజీ గుమ్మం ఎక్కలేం. యూజీసీ నెట్‌తో లెక్చరర్ అర్హత తెచ్చుకోవాలన్నా పీజీలో 55 శాతం ఉండాలి. ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 50 శాతం. ఇక్కడ చిక్కల్లా పోస్టుల దగ్గరే. మన ఇంటర్ కాలేజీల్లో ఎంపీసీ, బైపీసీ సంగతి సరే, సీఈసీ, హెచ్‌ఈసీ గ్రూపుల్లో కూడా భూగోళం లేదు. సబ్జెక్టే లేని చోట లెక్చరర్ పోస్టు ఎక్కణ్నుంచి వస్తుంది? స్కూల్లో సోషల్ టీచర్ అవుదామంటే బీఈడీ, టెట్ కావాలి. ఎమ్మెస్సీ ఒక్కటే పట్టుకెళ్తే డీఎస్సీలో పని జరగదు. నెట్, పీహెచ్‌డీ దాకా వెళ్తాను, అవసరమైతే వేరే రాష్ట్రానికైనా పోతాను అనుకునేవాళ్లకి ఈ దారి సరిపోతుంది. రెండేళ్లలో ఇంటి దగ్గరే ఉద్యోగం కావాలంటే కష్టం.

ఇక జీఐఎస్. కౌన్సెలర్లు ఎక్కువగా ఊరించేది దీంతోనే. వాళ్లు చెప్పేదంతా అబద్ధం కాదు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపుల డేటా మీద పాత ఆంక్షలు సడలించింది. 2022 డిసెంబర్‌లో జాతీయ జియోస్పేషియల్ పాలసీ వచ్చింది. మన రాష్ట్రంలో 2020 డిసెంబర్‌లో భూముల రీసర్వే మొదలైంది, ఊళ్ల మీద డ్రోన్లు ఎగిరాయి. పని పెరిగింది, సందేహం లేదు. కానీ ఆ పనికి ఎవర్ని తీసుకున్నారో కూడా చూడాలి. 2019లో గ్రామ సచివాలయాలకు సర్వేయర్లను తీసుకున్నప్పుడు అడిగినవి సివిల్ డిప్లొమా, డ్రాఫ్ట్స్‌మన్ ఐటీఐ లాంటివి. భూమి కొలిచే ఉద్యోగానికి భూగోళం డిగ్రీ అడగలేదు!

ప్రైవేటు కంపెనీల్లో అడిగేది చేతిలో ఉన్న పని. క్యూజీఐఎస్ వచ్చా? పైథాన్ వచ్చా? డేటాబేస్‌లో మ్యాప్ డేటా పెట్టి, కావాల్సింది బయటికి తీయగలవా? అలాగని సబ్జెక్టు అక్కర్లేదని కాదు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాడిగా చెప్తున్నా, కోడింగ్ మాత్రమే వచ్చినవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే. ఒక ఫైల్లో కొలతలు డిగ్రీల్లో ఉంటాయి, ఇంకో ఫైల్లో మీటర్లలో. రెండూ ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోవాలంటే గుంటూరు యూటీఎమ్ లెక్కలో ఉత్తర 44వ జోన్‌లో ఉందని తెలియాలి, గుండ్రటి భూమిని చదును కాగితం మీదికి ఎలా తెస్తారో తెలియాలి. అది భూగోళశాస్త్రమే. కాకపోతే దాన్ని నేర్చుకోవడానికి ముందే అప్పు చేయనక్కర్లేదు.

ఎలాగంటారా? డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్ ఇస్రో సంస్థ. రిమోట్ సెన్సింగ్, జీఐఎస్ మీద ఆన్‌లైన్ కోర్సులు ఉచితంగా చెప్తుంది, సర్టిఫికెట్ కూడా ఇస్తుంది. స్వయం పోర్టల్లో పాఠాలు ఉచితం. క్యూజీఐఎస్ ఉచితం. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలూ ఉచితమే. ఆ చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే ఎకరం మిరప చేను దాదాపు 40 చుక్కలు. ప్రత్తిపాడు, పెదనందిపాడు వైపు చేలు తీసుకుని ఏది పత్తో, ఏది మిరపో విడగొట్టే మ్యాప్ ఒకటి చేయండి. ఆదివారం బండేసుకుని వెళ్లి మీ మ్యాప్ ఎంతవరకు కరెక్టో చేలో నిలబడి చూసుకోండి. ఇంటర్వ్యూలో మీ ఫోల్డర్లోంచి ఈ మ్యాప్ తీసి చూపిస్తే, మాట్లాడటానికి బోలెడు ఉంటుంది.

అమెరికా యూనివర్సిటీల ఆన్‌లైన్ డిగ్రీల గురించి కూడా కొందరు అడుగుతుంటారు. పెన్ స్టేట్ లాంటి చోట ఆన్‌లైన్ జీఐఎస్ మాస్టర్స్ ఎప్పట్నుంచో ఉంది, మంచి పేరే. కానీ ఖర్చు లక్షల్లో కాదు, పదుల లక్షల్లో. పైగా గుంటూర్లో కూర్చుని ఆన్‌లైన్లో చదివితే స్టూడెంట్ వీసా రాదు, వీసా లేకపోతే ఓపీటీ లేదు. మనవాళ్లు అమెరికా ఫీజుకు అప్పు చేసేది ఆ ఓపీటీ ధైర్యంతోనే కదా!

ఇంత విన్నాక కూడా "నాకు ఈ సబ్జెక్టు ఇష్టం, డిగ్రీ కావాల్సిందే" అంటే చదవండి. ఇష్టం చిన్న కారణమేం కాదు. అయితే ముందు ఇగ్నో లాంటి ప్రభుత్వ ఓపెన్ యూనివర్సిటీల్లో భూగోళం, జియోఇన్ఫర్మాటిక్స్ కోర్సులు ఏమున్నాయో చూడండి. అక్కడ ఫీజులు సాధారణంగా వేలల్లోనే ఉంటాయి, ఉద్యోగం చేసుకుంటూ కట్టుకోవచ్చు. గుర్తింపు ఉన్న సంస్థ నుంచి ఆన్‌లైన్లో గానీ దూరవిద్యలో గానీ తీసుకున్న డిగ్రీ, రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లోనే స్పష్టంగా చెప్పింది. కాబట్టి ఖరీదైన డిగ్రీకి ఎక్కువ చెల్లుబాటు, చవక డిగ్రీకి తక్కువ చెల్లుబాటు అనేం ఉండదు. ఎక్కడ చేరినా ఆ యూనివర్సిటీకి, ఆ కోర్సుకు ఈ ఏడాది అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్య బ్యూరో వెబ్‌సైట్లో మీరే చూసుకోండి. కౌన్సెలర్ వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ చూసి నమ్మొద్దు.

మా చెల్లి చివరికి ఏం చేస్తుందో తన ఇష్టం. నేను చెప్పింది మాత్రం ఇదీ: ఆరు నెలలు ఉచిత కోర్సులు చెయ్యి. ఒక్క మ్యాప్ పూర్తి చెయ్యి. అప్పటికీ రాత్రి పదింటికి లాప్‌టాప్ తెరవాలనిపిస్తే ఓపెన్ యూనివర్సిటీలో చేరు. అనిపించకపోతే బాబాయి లక్షన్నర మిగిలినట్టే. ఈలోగా కౌన్సెలర్ ఫోన్ చేసి "సీట్లు అయిపోతున్నాయి మేడమ్" అంటే కంగారు పడకు. ఆన్‌లైన్ క్లాసులో బెంచీలు ఉండవు.