ధర్మాసుపత్రియందు రోగి మొర

సామాన్యప్రజలు ప్రభుత్వమును కన్నులార చూచు తావులు మూడు: పోలీసు ఠాణా, తాలూకా కచ్చేరి, ధర్మాసుపత్రి. మొదటి రెంటి గడప త్రొక్కకయే జీవితమును వెళ్ళబుచ్చిన అదృష్టవంతులు కొందరుందురు. మూడవదానిని తప్పించుకొన్న పేదవాడు అరుదు. కావున ప్రభుత్వము మంచిదా చెడ్డదా యను ప్రశ్నకు ప్రత్యుత్తరము శాసనసభా ప్రసంగములలో కంటె వైద్యశాల వసారాలో చీటీ చేతబట్టుకొని కూర్చున్న రోగి ముఖమున స్పష్టముగ కానవచ్చును.

ధర్మాసుపత్రి యను పేరు మన జనులు పెట్టినదే. మన భాషలో ధర్మమనగా బిచ్చమనియు అర్థము గలదు, విధియనియు అర్థము గలదు. రోగులు రెండవ యర్థమును నమ్మి వచ్చుచున్నారు. లోపలివారు పెక్కుమారులు మొదటి యర్థముననే వారితో వ్యవహరించుచున్నారు. “ఊరక ఇచ్చుచుండగ సణుగుడెందులకు?” అను మాట వినని రోగి యుండడు. కాని యది ఊరక ఇచ్చునది కాదు. అగ్గిపెట్టె కొన్నప్పుడును, బస్సెక్కినప్పుడును, చెప్పులు కొన్నప్పుడును ఆ రోగి చెల్లించిన పన్నులోనిదే ఆ మందు. తన సొమ్ముతో తానే కట్టుకొన్న ఇంటిలో అతడు యాచకుడగుట ఎట్లు?

ఇటీవల మేము మా మిత్రులొకరికి తోడుగ కన్నడ రాష్ట్రపు సరిహద్దు పట్టణమున నొక ప్రభుత్వ వైద్యశాలకు బోయితిమి. చీటీ వరుసలో మా ముందు చేనికూలికి బోవు తెలుగు వృద్ధురాలొకతె నిలిచియుండెను. ఆమె తెల్లవారక మునుపే ఇల్లు విడిచి వచ్చినది. చీటీకి రెండు గంటలు, వైద్యుని గది ముందర మరి రెండు గంటలు గడచినవి. తుదకు లోనికి బోయి ఆమె చెప్పిన మాటలివి: “అరికాళ్ళు భగభగ మండుచున్నవయ్యా. రాత్రిళ్ళు పిక్కలు గుంజును. నడుచుచుండగ చెప్పు జారిపోయినను నాకు తెలియదు.” ఆ యువవైద్యునికి తెలుగు రాదు. కాళ్ళనొప్పి యని మాత్రము గ్రహించి నొప్పి మాత్రలు వ్రాసియిచ్చెను. ఆ మాత్రలును లోపల లేవు, బయట కొనుక్కొనవలెనట. చెప్పు జారినను తెలియకుండుట నొప్పి కాదు, నొప్పి తెలియకపోవుట. మధుమేహము ముదిరి కాళ్ళనరములు చెడినవారు చెప్పు మాట ఇదియే యని వైద్యులెల్లరు నెరుగుదురు. రక్తము పరీక్షింపవలసినచోట నొప్పిమాత్ర లభించినది. ఇట్టి యుపేక్ష వలననే కాలిలోని చిన్న పుండు పాదమును కోల్పోవుటకు దారి తీయును. మా మిత్రులు మరల లోనికి బోయి ఆమె మాటలను కన్నడమున చెప్పగా, ఆ వైద్యుడు వెంటనే రక్తపరీక్షకు వ్రాసెను. కనుక లోపము అతని మనస్సులో లేదు, విద్యలో లేదు. ఇరువురి నడుమ మాటను అందించువారు లేకపోవుటయే లోపము.

వైద్యులను నిందించుట సులభము. అది న్యాయము కాదు. 67 దేశములలో వైద్యుడు రోగికిచ్చు సమయమును పరిశీలించి 2017లో ప్రకటించిన పరిశోధన యొకటి గలదు. స్వీడనులో రోగికి 22 నిమిషములకు పైగా లభించుచుండగ, మనదేశమున లభించినవి సుమారు 2 నిమిషములు. ఆ రెండు నిమిషములలో ముఖము చూచి, మాట విని, చేయి పట్టి, చీటీ వ్రాయవలెను. వసారాలో నూర్లకొలది జనులు వేచియుండగ దేవతయైనను విసుగుకొనును. రోగి విసుగునకును వైద్యుని విసుగునకును మూలమొక్కటియే: కావలసినంత ధనమును, కావలసినంతమంది మనుష్యులును ఇచ్చట లేరు.

డబ్బు చెల్లింపలేని కారణమున ఏ వ్యక్తికిని తగిన వైద్యము దొరకకుండ పోరాదని భోరు సంఘమువారు 1946లోనే వ్రాసిరి. 2017 నాటి జాతీయారోగ్య విధానము, ప్రభుత్వములు ఆరోగ్యముపై వెచ్చించు ధనమును 2025 నాటికి జాతీయోత్పత్తిలో నూటికి రెండున్నర వంతులు చేయుదుమని వాగ్దానము చేసెను. ఆ గడువు గడచినది. వాగ్దానము వాగ్దానముగనే మిగిలినది. 2021-22 నాటి జాతీయారోగ్య లెక్కల ప్రకారము దేశమున వైద్యమునకగు వ్యయములో నూటికి 39 వంతులకు పైగా రోగుల చేతినుండియే పోయినది. 2013-14లో నూటికి 64 వంతులు పోవుచుండెను గనుక కొంత మేలు జరిగినదని యొప్పుకొందుము. కాని బయట కొనుక్కొను మన్న ప్రతి చీటీయు ఆ 39 వంతులలోనిదే.

న్యాయశాస్త్రము రోగి పక్షముననే యున్నది. 1992లో బెంగాలు రాష్ట్రమున రైలునుండి పడి తలకు గాయమైన వ్యవసాయ కూలి నొకనిని, పడకలు లేవనియు సాధనములు లేవనియు ప్రభుత్వ వైద్యశాలలు ఒకటి వెంబడి నొకటి త్రిప్పి పంపినవి. 1996లో సుప్రీంకోర్టువారు, ఇది రాజ్యాంగపు 21వ అధికరణము ప్రసాదించిన జీవించు హక్కునకు భంగమనియు, ధనము లేదనుట ప్రభుత్వమునకు సాకు కానేరదనియు తీర్పు చెప్పి, 25,000 రూపాయల పరిహార మిప్పించిరి. ఐనను అంతకు ముందేడు, 1995లో, ఆ న్యాయస్థానమే చెప్పిన వేరొక తీర్పును మరువరాదు. ఎల్లరకును ఉచితముగనే వైద్యము చేయు వైద్యశాల వినియోగదారుల చట్టము క్రిందికి రాదని ఆ తీర్పు సారాంశము. అనగా డబ్బిచ్చినవానికి తక్కువ ఖర్చుతో ఫిర్యాదు చేయు ద్వారమున్నది. డబ్బివ్వలేనివాడు సివిలు కోర్టుకో హైకోర్టుకో పోవలెను. చీటీ వరుసలో ఒకదినపు కూలి పోగొట్టుకొన్నవాడు హైకోర్టు మెట్లెక్కునా?

తమ రాష్ట్రములకు వెలుపల తరతరములుగ నివసించు తెలుగువారికి ఈ కష్టము రెండింతలు. 1936 ఏప్రిలు 1వ తేదీని గంజాము ఒరిస్సాలో చేరెను. 1953 అక్టోబరు 1వ తేదీని బళ్ళారి మైసూరులో చేరెను. హోసూరు తమిళనాట నిలిచెను. యానాము గోదావరి తీరముననే యుండియు పుదుచ్చేరి పాలనలో నున్నది. సరిహద్దులు మారినవి గాని వ్యాధులు వచ్చు రీతి మారలేదు. కాకినాడ యానామునకు సుమారు 30 కిలోమీటర్లు. తమ రాజధాని వందలకొలది కిలోమీటర్ల దూరము. అనంతపురము సీమవారు బళ్ళారికిని, నెల్లూరు చిత్తూరు సీమలవారు చెన్నపట్టణమునకును వైద్యమునకై పోవుచునే యున్నారు. పోయిన ప్రతిచోటను చీటీ, నివాసపత్రము, కార్డు ఏ రాష్ట్రపువన్న ప్రశ్న ముందుగ వచ్చును. రోగమేమన్న ప్రశ్న పిమ్మట వచ్చును.

రాజ్యాంగపు 350వ అధికరణము ప్రకారము ప్రతివ్యక్తియు తన కష్టమును ఏ యధికారికైనను ఆ రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను విన్నవించుకొనవచ్చును. భాషా అల్పసంఖ్యాకులు తగినంతమంది యున్న తావులలో ముఖ్యమైన ప్రకటనలను వారి భాషయందును ప్రచురింపవలెనని 1956లో కేంద్ర ప్రభుత్వమువారు అంగీకరించిరి. పన్ను హెచ్చినదని తెలుగులో అర్జీ వ్రాసుకొనవచ్చును గాని, ప్రాణము పోవుచున్నదని తెలుగులో చెప్పుకొనుటకు వీలులేకున్నది! పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు, గుంజు వేరు, మంట వేరు, తిమ్మిరి వేరు. తెలుగు పల్లెటూరివాడు ఈ మాటలను పొరపాటున నైనను ఒకదానికి మారుగ నొకటి వాడడు. వానినన్నిటిని నొప్పి యను నొక్క మాటలో ముంచివేసినచో సగము రోగలక్షణము అక్కడనే మునిగిపోవును. శస్త్రచికిత్సకు ముందు తనకు రాని భాషలోని అంగీకారపత్రముపై వేలిముద్ర వేయువాడు దేనికి అంగీకరించుచున్నాడో ఎవరు చెప్పగలరు?

మేము కోరునవి గొంతెమ్మకోరికలు కావు. తెలుగువారు హెచ్చుగనున్న పట్టణముల ప్రభుత్వ వైద్యశాలలలో తెలుగెరిగిన సహాయకుని నొక్కనినైన నియమింపవలెను. సూచనల పలకలును అంగీకారపత్రములును తెలుగులో నుండవలెను. ఏ మందు ఉన్నదో ఏది లేదో ప్రతి ఉదయము గోడపై వ్రాసియుంచవలెను. ఏ గంటకు పిలుపు వచ్చునో చీటీపై వేయవలెను; అట్లు చేసినచో కూలివానికి సగము దినమైన మిగులును. ఏ భాషలో నైనను ఫిర్యాదు వ్రాసికొని, గడువులోపల లిఖితపూర్వకముగ సమాధాన మీయవలెను. పొరుగు రాష్ట్రములు తమ కార్డుల విషయమున పరస్పరము ఒడంబడవలెను.

ఇవి పరులనే అడిగి మనము మరచునవి కారాదు. కుప్పమున తమిళము, మడకశిరలో కన్నడము, ఇచ్ఛాపురమున ఒడియా మాటలాడు రోగులు మన వైద్యశాలల వసారాలలో ఇదేరీతిగ మూగవారై కూర్చుండుచున్నారు. మనము వారి మాటను వినినగాని మన మాటను వినుడని పొరుగువారి నడుగు నోరు మనకుండదు.

ఆనాడు మా మిత్రులకు కన్నడము వచ్చుట చేతను, వరుసలో ఆమె ప్రక్కనే నిలిచియుండుట చేతను ఆ వృద్ధురాలికి పరీక్ష జరిగినది. మరునాడు ఆ వరుసలో ఎవరు నిలిచిరో, వారి మాట ఎవరు విన్నారో మేమెరుగము. ప్రజల ప్రాణములు ఇట్టి కాకతాళీయములపై ఆధారపడియుండుట ఏ ప్రభుత్వమునకును గౌరవము కాదు. ఆరోగ్యమంత్రులును జిల్లా కలెక్టరులును సంవత్సరమున నొక్క ఉదయము, ముందుగ తెలుపక, పరివారము లేక, ఆ వరుసలో చీటీకై నిలువబడి చూడవలెనని కోరుచున్నాము. అటుపిమ్మట మా వ్యాసములతో వారికి పనియుండదు.