డబ్బా కండ్ల ముందే ఉంటే "డివైస్ నాట్ ఫౌండ్" ఏంది?



మొన్న బోరుకు వైఫై స్టార్టర్ పెట్టిచ్చిన. దుకాణంల డీలర్ తన ఫోన్‌కు నిమిషంల కలిపి చూపిచ్చిండు. పొలం కాడ నా ఫోన్‌ల యాప్ తెరిస్తే గుండ్రంగ తిరిగి తిరిగి "డివైస్ నాట్ ఫౌండ్" అన్నది. డబ్బా లైటు వెలుగుతున్నది, చెయ్యి చాపితే అందుతది. అయినా దొరకలేదంట! డీలర్‌ను అడిగితే "మీ ఫోన్ పాతదైంది, లేకుంటే కార్డు మార్చాలె" అన్నడు. కార్డంటే మళ్ల పైసలే.

మా అల్లుడు పాశమైలారంల మిషన్ల కాడ పనిచేస్తడు. ఆదివారం వచ్చి బోరు కాడ కూసున్నడు. కార్డు మంచిగనే ఉన్నది. సంగతి వేరే.

మనం గట్టు మీద నిలబడి "ఎవరన్నా ఉన్నరా" అని కేకేస్తం కదా, యాప్ కూడా అట్లనే కేకేస్తది. డబ్బా "నేనున్న" అని బదులియ్యాలె. ఆ కేక గాలిల పోతే మళ్లీ దానంతట అది రాదు. నా యాప్ ఒక్కసారి కేకేసి చేతులెత్తేస్తున్నది. పైగా మొదటిసారి కలిపేటప్పుడు డబ్బా సొంత వైఫై ఇస్తది, దాంట్ల ఇంటర్నెట్ ఉండదు. ఫోన్ అది చూసి చప్పుడు చెయ్యకుండ సిమ్ డేటాకు మారుతది. కేక ఒకదిక్కు, డబ్బా ఒకదిక్కు! మొబైల్ డేటా బంద్ చేసి, లొకేషన్ ఆన్ చేస్తే రెండోసారికే దొరికింది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లల్ల లొకేషన్ లేకుంటే చుట్టుపక్కల వైఫైలను యాప్‌కు కనపడనియ్యదట. ఐఫోన్ అయితే 2020ల వచ్చిన ఐఓఎస్ 14 నుంచి "లోకల్ నెట్‌వర్క్" పర్మిషన్ అడుగుతది. అప్పుడు వద్దని నొక్కినమా, ఇగ దొరకదు.

రెండు రోజులకు కరెంటు పోయి వచ్చింది, మళ్లా మాయం. ఇంట్ల రౌటర్ ఈసారి డబ్బాకు కొత్త నంబరు ఇచ్చింది, యాప్ పాత నంబరు కాడనే తలుపు కొడుతున్నది. రౌటర్ సెట్టింగుల ఒకటే నంబరు ఖాయం చేసినం. ఇంకోటి, ఇసొంటి డబ్బాలు చాలా వరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పడుతయి, 5 కనపడదు.

నా కోపం ఇక్కడనే. ఇవన్నీ యాప్ చేసినోళ్లకు తెల్వదా? "లొకేషన్ ఆన్ చెయ్యుండ్రి", "మొబైల్ డేటా బంద్ చెయ్యుండ్రి" అని తెలుగుల ఒక్క ముక్క రాస్తే ఏం పోయింది? నాలుగుసార్లు కేకెయ్యనీ, దొరకకుంటే నంబరు చేతితోటి కొట్టే జాగ పెట్టనీ. ఏసీ రూముల టేబుల్ మీద పరీక్ష చేసి, తప్పు రైతు మీదికి తోస్తున్నరు.

ఇది ఉత్త సోకు కాదు. 2018 జనవరి 1 నుంచి మనకు 24 గంటల కరెంటు అన్నప్పుడు ఆటో స్టార్టర్లు తీసెయ్యమన్నరు. కరెంటు రాంగనే మోటరు నడిచి భూమిల నీళ్లు ఒడుస్తయని. మాట సబబే. అందుకే కావాల్నంటే ఏసి, వద్దంటే బంద్ చేసేది కావాలె. యాప్ దొరకని రాత్రి టార్చి పట్టుకొని గట్టు మీద పాముల మధ్యన నడిచేది మనమే.

కొనేటోళ్లు పైసలు ఇచ్చే ముందు బోరు కాడికి డీలర్‌ను పిలిపిచ్చి, మీ ఫోన్‌కు కలపమనుండ్రి. ఒకసారి మెయిన్ బంద్ చేసి మళ్ల ఏసి చూడుండ్రి. చేతితోటి నొక్కే పచ్చ బటన్ లేని డబ్బా మాత్రం తీసుకోకుండ్రి. మీ కాడ ఎప్పుడు దొరుకుతలేదో కింద రాయుండ్రి, నలుగురం కలిసి డీలర్ కాడికి పోదాం.