దిగులు మెదడులో ఏం చేస్తుంది?

పిల్లలూ, పరీక్షలో మార్కులు తగ్గితే మీకు దిగులు కలుగుతుంది. ప్రాణస్నేహితుడు ఊరు విడిచి వెళ్ళిపోయినా కలుగుతుంది. కాని నాలుగు రోజులు గడిచేసరికి మళ్ళీ ఆటల్లో పడతారు. ఇది అందరికీ ఉండేదే.

అయితే కొందరిని పట్టిన దిగులు వారాల తరబడి వదలదు. ఇష్టమైన ఆట కూడా ఆడబుద్ధి కాదు. అన్నం సహించదు, నిద్ర పట్టదు. కొందరు అదేపనిగా నిద్రపోతారు కూడా. ఈ జబ్బును డాక్టర్లు డిప్రెషన్ అంటారు. ఇది పెద్దలకే కాదు, పిల్లలకూ వస్తుంది. చూసేవాళ్ళు దీన్ని సోమరితనమనీ, పెంకితనమనీ అనుకుంటూ ఉంటారు. అది నిజం కాదు. ఎందుచేతనో చూద్దాం.

మన మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. అందులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయని అంచనా. వీటిలో ఏదీ ఒంటరిగా పనిచెయ్యదు. దూరదూరంగా ఉండే భాగాలు కూడా ఒక జట్టుగా చేరి పనిచేస్తాయి. అలాటి జట్టును నెట్‌వర్క్ అంటారు.

పుర్రె లోపల ఏ భాగాలు ఒక జట్టో తెలిసేదెలా? పనిచేస్తున్న భాగానికి ప్రాణవాయువుతో కూడిన నెత్తురు ఎక్కువగా పారుతుంది. ఎమ్.ఆర్.ఐ. యంత్రంతో ఈ మార్పును పసికట్టవచ్చునని 1990లో జపాను శాస్త్రజ్ఞుడు సెయిజీ ఒగావా చూపాడు. 1995లో భారత సంతతివాడైన భరత్ బిస్వాల్ అమెరికాలో ఒక వింత కనిపెట్టాడు. మనిషి చేతులు కదపకుండా ఊరికే పడుకుని ఉన్నా, ఎడమ చేతినీ కుడి చేతినీ ఆడించే మెదడు భాగాలు రెండింటిలోనూ నెత్తుటి మార్పులు ఒకేసారి హెచ్చుతూ, ఒకేసారి తగ్గుతూ ఉన్నాయి! బండి విప్పిన తరవాత కూడా జోడెద్దులు కలిసి తలలాడించినట్టన్నమాట. ఇలా కలిసి మారే భాగాలను బట్టి జట్లను గుర్తించడం మొదలైంది.

ఈ జట్లలో సేలియన్స్ నెట్‌వర్క్ అనేది ఒకటి. మీరు కథ చదువుతూ ఒళ్ళు మరిచిపోయి ఉన్నారనుకోండి. కాలికి చీమ కుట్టగానే మీ దృష్టి అటు పోతుంది. లోపలా బయటా జరిగే వంద సంగతుల్లో దేన్ని పట్టించుకోవాలో ఏరేది ఈ జట్టే.

2024లో అమెరికా శాస్త్రజ్ఞులు ఒక విశేషం ప్రకటించారు. డిప్రెషన్ ఉన్న చాలామందిలో ఈ జట్టు మెదడు పైపొరలో మామూలుకన్న దాదాపు రెండింతల చోటు ఆక్రమించి ఉన్నది. కొద్దిమందిని ఏడాదికి పైగా మళ్ళీ మళ్ళీ పరీక్షించి చూశారు. దిగులు తగ్గిన రోజుల్లోనూ జట్టు విస్తీర్ణం తగ్గలేదు. జబ్బు ఇంకా రాని పిల్లల్లో, తరవాత అది వచ్చినవాళ్ళకు, ఈ జట్టు ముందే పెద్దదిగా ఉన్నది. కాని ఆ జట్టులోని కొన్ని భాగాల మధ్య సంబంధం మాత్రం, రోగికి సంతోషం కలగడం, కలగకపోవడాన్నిబట్టి మారుతూ వచ్చింది.

చూశారా! డిప్రెషన్ మనసు గట్టిగా లేకపోవడం కాదు. మెదడులోని జట్ల కూర్పులోనే తేడా ఉంటుంది. కాబట్టి "లే, ధైర్యం తెచ్చుకో!" అని గదిమితే అది పోదు. అలాగని మెదడు బొమ్మ ఒక్కటి చూసి ఈ జబ్బు ఉన్నదని చెప్పడం ఇప్పటికీ సాధ్యం కాదు. డాక్టరు రోగిని పక్కన కూర్చోబెట్టుకుని, అడిగి, ఓపికగా విని తెలుసుకోవలసిందే. ఓర్పుతో మాట్లాడి చేసే చికిత్స వల్లా, అవసరమైతే మందుల వల్లా చాలామందికి నయమవుతుంది.

మీ తరగతిలో ఎవరైనా కొన్నాళ్ళుగా మాటలు మానేసి, ఆటకు రాకుండా ఉంటే వెక్కిరించకండి. పక్కన కూర్చుని పలకరించండి. ఆ సంగతి పెద్దవాళ్ళకు చెప్పండి. మీకే అలా ఉంటే దాచుకోకుండా అమ్మకో, నాన్నకో, మేష్టారికో చెప్పండి. మన దేశంలో 2022 నుంచి టెలీ మానస్ అనే ఉచిత సహాయం కూడా ఉన్నది. 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. జ్వరం వస్తే ఇంట్లో చెప్పడానికి మీరు సిగ్గుపడతారా? దీనికీ సిగ్గు అక్కరలేదు.